సముద్రం ఏ చేతివైపు?

చిరంజీవికి,

నీ తీరయాత్ర వ్యాసం చదివాను. ఐదు పేజీల్లో సముద్రం ఏడుసార్లు ‘అనంతం’ అయింది. ఒడ్డున నిలబడ్డ మనిషికి దిగంతం 5 కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. అదే 30 మీటర్ల ఎత్తున్న కొండ అంచు నుంచైతే దాదాపు 20 కిలోమీటర్లు కనబడుతుంది. దారి మలుపు తిరిగి పైకెక్కగానే నీళ్లు ఒక్కసారిగా పెరిగినట్టుండేది అందుకే. ఆ మలుపు నీ వ్యాసంలో లేదు. తప్పు భాషది కాదు, రోజుకు 400 కిలోమీటర్లు కారు లాగించిన తొందరది.

ఈసారి రోజుకు 120 కిలోమీటర్లు దాటకు. బండ్లు ఎడమ పక్కగా నడిచే దేశమైతే సముద్రం నీ ఎడమ చేతివైపు ఉండేలా బయల్దేరు, కుడి పక్కగా నడిచేచోట కుడివైపు. ఆగాలనిపించినప్పుడు ఎదురొచ్చే బండ్లకు అడ్డంగా తిప్పే పని ఉండదు. పక్క సీట్లో ‘అదిగో’ అనే మనిషి లేడు, నడుపుతూ చూడటం ప్రమాదం. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఆగడం తేలికవ్వాలి.

ఆటుపోట్ల పట్టిక దగ్గర పెట్టుకోకుండా కదలకు. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఇవాళ్టి వేళ రేపటికి 50 నిమిషాలు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా పైకొస్తుంది, బాగా వెనక్కీ పోతుంది. అందుకే ఒకే చోటు రెండుసార్లు చూడు. సాయంత్రం 5కి పోటు ఉన్నచోట మర్నాడు పదకొండున్నరకు ఆటు. నిన్న నెత్తి మాత్రమే చూపించిన రాయి ఇప్పుడు మొదలంటా బయటపడుతుంది: పైన నల్లటి పట్టీ, దాని కింద గరుకుగా అంటుకున్న తెల్లటి గుల్లలు, అడుగున జారే పచ్చటి నాచు. పైనుంచి కిందికి అదే వరసలో రాసుకో. పోటు అన్న మాట వాడకుండానే చదివేవాడికి నీటి ఎత్తు తెలుస్తుంది.

రాతకు పెన్సిలే మేలు, తడి తగిలితే సిరా అలుక్కుపోతుంది. ఆగిన ప్రతిచోటా పది నిమిషాలు కూర్చుని వేళ, గాలి వచ్చే దిక్కు, కాలికింద చప్పుడు రాసుకో. మొదటి ఐదు వాక్యాల్లో విశేషణం పడనీకు. పగలు నేల ముందు వేడెక్కుతుంది కాబట్టి గాలి నీళ్లమీంచి వస్తుంది, రాత్రికి తిరగబడుతుంది. ఆ తిరగబడే మధ్యలో కాసేపు ఆకు కదలదు. ఫొటోకి దొరకనిది అదే.

ఇక బండి సంగతి. ఒడ్డున ఎండు నాచు, పుల్లలు కలిసి ఒక గీతలా పడుంటాయి. కిందటి పోటు వచ్చింది అక్కడిదాకా. దానికి ఇవతల, రోడ్డువైపున్న గట్టి నేలమీదే ఆపు. మెత్తటి ఇసుకలో చక్రం దిగితే యాక్సిలరేటర్ తొక్కకు. తిరిగేకొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది, చివరికి బండి పొట్ట ఇసుకమీద కూర్చుంటుంది. దిగి, చక్రాల చుట్టూ ఇసుక తోడి, టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా దించి, స్టీరింగ్ తిన్నగా పెట్టి వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రా. రోడ్డెక్కేముందు గాలి మళ్లీ నింపాలి, తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. పార, టైరు గాలి కొలిచే గేజీ, చిన్న పంపు డిక్కీలో ఉండాలి. ఇంటికొచ్చాక అడుగుభాగం మంచినీళ్లతో కడుగు, ఉప్పు ఇనుమును ఊరికే వదలదు.

రాత్రి ఎక్కడ దిగేదీ, ఎన్నింటికి చేరేదీ ఒకరికి చెప్పు. కబురు రాకపోతే ఎన్నింటికి వెతకడం మొదలెట్టాలో కూడా.

మూడో పేజీలో ‘నీలి సముద్రం’ అన్నావు. ఇసుక అడుగు మీద లోతు లేని నీరు పచ్చగా ఉంటుంది, మబ్బు పడితే బూడిదరంగుకి తిరుగుతుంది. నువ్వు చూసింది ఏ గంటకో వెతికి రంగు సరిచెయ్యి. మొత్తం ప్రతి అక్కర్లేదు, ముందు ఆ రాతి గురించిన పేజీ ఒక్కటే పంపు.

ఆశీస్సులతో.