అమృతాంజనం లాభాలతో పత్రికలు నడిపిన నాగేశ్వరరావు పంతులు

వ్యాపారంలో గడించినది ప్రజలకు వెచ్చించి, స్వయంగా ప్రజాసేవలోనూ దిగిన తెలుగువారిలో ఎవరి గురించి చదవాలని మీరు అడిగారు. నేను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు చెబుతాను. ఉద్యోగరీత్యా చెన్నైలోని మైలాపూరులో ఉన్నప్పుడు లజ్ దగ్గర ఆయన పేరిట ఉన్న పార్కుకు ఉదయం నడకకు వెళ్లేవాణ్ని. అక్కడ పరిచయమైనవారిలో చాలామందికి ఆ నాగేశ్వరరావు ఎవరో తెలియదు. అమృతాంజనం మాత్రం తెలియనివారు లేరు.

కృష్ణా జిల్లాలో 1867లో జన్మించిన పంతులు గారు 1893లో బొంబాయిలో ఆ తలనొప్పి మందు వ్యాపారం ప్రారంభించారు. సంగీత కచేరీలలో దాన్ని శ్రోతలకు ఉచితంగా పంచేవారని చెబుతారు. (దానిని నేను దానంగా లెక్కించను, అది తెలివైన ప్రచారం.) సాధారణంగా ధనికులు వ్యాపార బాధ్యతలు వారసులకు అప్పగించిన తరువాత దానధర్మాలకు పూనుకుంటారు. ఆయన అంతవరకు ఆగక, వ్యాపారం సాగుతుండగానే దాని రాబడిని ప్రజల పనికి మళ్లించారు. 1908లో బొంబాయి నుంచే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చారు. 1924లో ‘భారతి’ మాసపత్రికను, 1926లో చౌకధరకు మంచి పుస్తకాలు అందించే ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి మరణంతో ఆగిపోయిన తెలుగు విజ్ఞాన సర్వస్వం (ఎన్‌సైక్లోపీడియా) పనిని కూడా తలకెత్తుకున్నారు.

నా చదువు అవసరం కొద్దీ ‘భారతి’ పాత సంచికలు చాలా తిరగేశాను. శాసనాల మీద, ఛందస్సు మీద, ప్రాచీన కావ్యాల పాఠభేదాల మీద పేజీల కొద్దీ సాగే వ్యాసాలను చూస్తే, అటువంటి పత్రిక చందాదారుల డబ్బుతోనే నిలబడగలదని నాకు నమ్మకం కలగలేదు. వెనుక ఒక మందుల వ్యాపారం ఉండబట్టే పండితులకు అంత చోటు దొరికిందని నా అభిప్రాయం. అడిగినవారికి చేసిన సహాయాలకంటే ఆయన దాతృత్వంలో ఇదే గొప్పదని నేను భావిస్తాను.

రాజకీయాలలో కూడా ఆయన విరాళమిచ్చి పక్కకు తప్పుకోలేదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య అపనమ్మకం తొలగించడానికి 1937 నవంబరు 16న కుదిరిన ఒడంబడికను, మద్రాసులోని ఆయన ఇల్లు ‘శ్రీబాగ్’ పేరుతోనే నేటికీ పిలుస్తున్నాం. ఏర్పడబోయే ఆంధ్ర రాష్ట్రపు రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే అవకాశం సీమకు ఇచ్చినదీ, నదీజలాలలో దానికి ప్రాధాన్యం ఒప్పుకున్నదీ ఆ పత్రమే. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953లో.