విమానం ఎక్కే ముందు ఇంట్లో తినాలా, విమానాశ్రయంలో తినాలా?

విశాఖ నుంచి హైదరాబాదుకు గంటన్నర కూడా పట్టని ప్రయాణానికి విమానాశ్రయం రెస్టారెంటులో కూర్చుని అంత డబ్బు పోయడం అవసరమా అని కొందరు నన్ను అడిగారు. పెద్దవాళ్లు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవాళ్లు వెంట ఉంటే తప్పకుండా అవసరమని నేను చెబుతాను. గాలిలో ఉండేది కాసేపే అయినా, ఎంవీపీ కాలనీలో ఇంటికి తాళం వేసింది మొదలు ఎన్‌ఏడీ కూడలి దాటి, తనిఖీలు ముగించుకుని, అవతల శంషాబాద్ నుంచి ఊళ్లోకి చేరేసరికి ఐదారు గంటలు గడిచిపోతాయి.

మా అమ్మ భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. కిందటి వేసవిలో సాయంత్రం విమానానికి బయలుదేరుతూ, ఇంట్లోనే సూది వేసుకుని దారిలో ఏదైనా తింటానని ఆమె అంటే నేను ఒప్పుకోలేదు. సూది పడ్డాక తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణుకుతాయి. భద్రతా తనిఖీ దాటాక రెస్టారెంటులో గోడ పక్కన బల్ల చూసుకుని కూర్చున్నాం. ఏది త్వరగా వస్తుందని అడిగితే, వడ్డించే అబ్బాయి "దోసెకు ఆలస్యమవుతుంది మామ్మగారూ, ఇడ్లీ అయితే మీరు చెప్పిన వేళకు తెస్తాను" అని గడియారం చూసుకుని వెళ్లాడు. అమ్మ కొంగు చాటున సూది వేసుకుంది. అన్న వేళకే ఇడ్లీ పొగలు కక్కుతూ వచ్చింది. ఆమె సాంబారు గిన్నెను పక్కకు జరిపి, ఒక్కొక్క ముక్కే తుంచి పల్లీ చట్నీలో అద్దుకుంటూ, తొందరపడకుండా తిన్నది. తరువాత విమానం ఆలస్యమని తెలిసినా నాకు బెంగ కలగలేదు. బయటి టిఫిన్ సెంటరు ధరకు బిల్లు ఎన్నో రెట్లయింది. వేళకు వచ్చిన ఆ పళ్లెం కోసం నేను సంతోషంగా చెల్లించాను.

అయితే సమయం మిగుల్చుకుని వెళ్లాలి. దేశీయ విమానాలకు సాధారణంగా చెక్-ఇన్ కౌంటరు 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు కనుక, ఆఖరి నిమిషంలో చేరినవారికి తనిఖీ వరుస పోగా తినడానికి వ్యవధి ఉండదు. ఆకలితో విమానం ఎక్కినవాళ్లే లోపల సీట్ల గురించి గొడవ పడతారని నా గట్టి నమ్మకం. ఇన్సులిన్‌ను మాత్రం డాక్టరు చీటీతో కలిపి చేతిసంచిలోనే ఉంచుకోండి. విమానం అడుగున ఉండే సామాను అరలో వేస్తే చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

నన్ను నిజంగా బాధించేది ధర కాదు, కాఫీ. మన కొండల్లో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటువంటిది, విమానాశ్రయాల రెస్టారెంట్లలో ఏ ఊరిదో తెలియని పొడి కలిపిన పాలను కాఫీ అని ఇస్తుంటే నాకు మనసొప్పదు. విశాఖకు వచ్చి వెళ్లేవారికి ఈ నేల రుచి చూపించడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? అందుకే నేను కూర్చున్న ప్రతిసారీ ముందుగా అరకు కాఫీయే అడుగుతాను. లేదంటే, అది పెట్టమని అభిప్రాయాల పుస్తకం తెప్పించుకుని రాసి వస్తాను.