పిలిస్తే తలూపుతారు, పనికి రారు

ప్రశ్న: పదిహేనుమంది విద్యార్థులున్న మా స్వచ్ఛంద సేవా బృందానికి ఇటీవల నన్ను నాయకుడిగా ఎన్నుకున్నారు. సమావేశాల్లో అందరూ ఉత్సాహంగా తలూపుతారు గానీ పని రోజున నలుగురైదుగురే వస్తున్నారు. గట్టిగా అడిగితే వారు కూడా మానేస్తారేమోనని భయంగా ఉంది. నేనేం చేయాలి?

జవాబు: మీ భయం సహజమే, జీతం లేని చోట ఆజ్ఞ చెల్లదు. అయితే లోపం వారి మనసులో కన్నా పని అప్పగించే తీరులోనే ఉన్నట్టు నాకు తోస్తోంది. ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ 1913లో ప్రచురించిన తాడు లాగే ప్రయోగాల ప్రకారం, మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే సగటు బలం తగ్గుతూ వచ్చింది. తాడు లాగడంలోనే అలా జరిగితే సేవలో జరగదా? ‘అందరూ రండి’ అన్న పిలుపు ఎవరికి వారికి తమది కాదనిపిస్తుంది. అందుచేత బృందాన్ని ముగ్గురు నలుగురు చొప్పున విడదీసి, ఏ పని ఏ గంటకు ఎవరు చేస్తారో వారి నోటనే చెప్పించి రాసి పెట్టండి. రానివారిని పదిమందిలో నిలదీయకుండా విడిగా కలిసి కారణం అడిగితే, పరీక్షల ఒత్తిడో, ఇంట్లో అభ్యంతరమో, పని నచ్చకపోవడమో బయటపడుతుంది. మిగిలిన పనంతా మీరే నెత్తిన వేసుకునే అలవాటు ఉంటే (కొత్త నాయకుల్లో ఇది తరచూ కనిపిస్తుంది) దాన్ని మాత్రం ఈ వారమే మానుకోండి.