లేహ్ పోయే అల్లుడికి, ఆయిల్ గురించి నాలుగు మాటలు

తిరుపతి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బ్రహ్మోత్సవాలు అయిపోగానే నీ డీజిల్ బండి వేసుకుని లద్దాఖ్‌లోని లేహ్ పోతున్నావనీ, రోడ్డు పనుల మీద రెండేళ్లు అక్కడే ఉంటావనీ చెప్పింది. స్వెట్టర్లు ఎన్ని కొనాలి, ఊరగాయ ఎంత కట్టివ్వాలి అని అరగంట మాట్లాడింది. నేను అడిగింది ఒక్కటే, బండిలో ఏం ఇంజన్ ఆయిల్ ఉందని. "అదేం ప్రశ్నన్నా, ఏదో ఒకటి పోసుంటారు" అంది. ఆ 'ఏదో ఒకటి' గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అంటావు, నాకు తెలుసు.

పోయిన నెల సర్వీసు చేయించిన చోట 15డబ్ల్యూ-40 అనే గ్రేడు ఆయిల్ పోశారని నువ్వే అన్నావు. "మన ఎండలకి చిక్కగా ఉంటేనే మంచిది సార్" అన్నాడట ఆ మెకానిక్. అతన్ని తిట్టను. మన ఊళ్లో ఆ నమ్మకం ఊరికే రాలేదు. మే నెలలో నలభై దాటే ఎండ, అలిపిరి నుంచి జనాన్ని కుక్కుకుని ఘాట్ ఎక్కే జీపులు, రింగులు అరిగి నల్లపొగ కక్కే ఇంజన్లు. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు పొగ తగ్గేది, చప్పుడూ తగ్గేది. దాంతో ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 అంటే బలం, సన్నటిదంటే నీళ్లు అని తీర్మానం చేసేశాం. రేణిగుంట రోడ్డులో నా షెడ్డు నడిచినన్నాళ్లూ నేనూ అదే పోశాను. ఇక్కడ అది చెల్లింది. లేహ్‌లో చెల్లదు.

మాటలతో నమ్మవని ఒక పని చేశాను. ఫోన్ పెట్టేశాక రెండు చిన్న సీసాలు కడిగి ఆరబెట్టి, ఒకదాంట్లో 20డబ్ల్యూ-50, ఇంకోదాంట్లో 5డబ్ల్యూ-30 సగం వరకు పోసి, మూత బిగించి, ఫ్రిజ్ పైఅరలో ఐస్ ట్రేల పక్కన పెట్టాను. ఆ అరలో చలి సుమారు మైనస్ 18 డిగ్రీలు. లేహ్‌లో జనవరి రాత్రి కూడా ఇంచుమించు అంతే, కొన్ని రాత్రులు ఇంకా కిందికే పోతుంది. పొద్దున లేచి రెండు సీసాలూ ఒకేసారి తలకిందులు చేశాను. 5డబ్ల్యూ ఆయిల్ చలికి బరువెక్కిన తేనెలా నింపాదిగా జారి మూత దగ్గరికి చేరింది. 20డబ్ల్యూ ముద్ద మాత్రం సీసా అడుగునే పట్టుకుని వేలాడింది. తర్వాత ముదురుపాకంలా ఒక నాలుక సాగింది, అదీ ఓ పక్కకి. కాఫీ తెచ్చిన మీ అత్త చూసి, "ఐస్‌లో ఆయిల్ వాసన వస్తే మీ పని చెప్తా" అని పోయింది. ఆమెకి నవ్వులాటగానే ఉంటుంది. ఆ ముద్దని తెల్లవారుజామున నీ ఆయిల్ పంపు పీల్చాలి, దాని మధ్యలో ఇంజన్ లోపలి ఇరుసు, క్రాంక్, తిరగాలి. ఆ చలికి బ్యాటరీ బలం కూడా దాదాపు సగానికి పడిపోయి ఉంటుంది.

ఇప్పుడు డబ్బా మీది అంకెల సంగతి. మన షాపుల్లో చాలామంది 'డబ్ల్యూ' అంటే వెయిట్ అని చెబుతారు. కాదు, వింటర్. దానికి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, వెనకున్నది ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ముందు అంకె ఎంత చిన్నదైతే చలికి అంత మేలు. ఈ గ్రేడులకి ఎస్ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘం వాళ్ల జే300 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇంజన్ తిరగడానికి వీలుగా ఆయిల్ ఉందా లేదా అన్న పరీక్ష 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు, 15డబ్ల్యూకి మైనస్ 20, 10డబ్ల్యూకి మైనస్ 25, 5డబ్ల్యూకి మైనస్ 30, 0డబ్ల్యూకి మైనస్ 35. ప్రతి మెట్టుకీ ఐదు డిగ్రీలు. అంకెలు గుర్తుండకపోయినా ఆ ఐదు డిగ్రీల మెట్టు గుర్తుంచుకో, చాలు.

ఇంకో పొరపాటు నమ్మకం ఉంది, చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. 15డబ్ల్యూ-40 చల్లగా ఉన్నప్పుడు పదిహేను, వేడెక్కితే చిక్కబడి నలభై అవుతుందని. ఏ ఆయిలూ వేడికి చిక్కబడదు అల్లుడూ, ప్రతిదీ పలచబడుతుంది. కొన్ని తక్కువ పలచబడతాయి, అంతే తేడా. అందుకోసమే పాలిమర్లు కలుపుతారు. లెక్కలో చెప్పాలంటే, 40 గ్రేడ్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం కంటే, 15డబ్ల్యూకి మైనస్ 20 దగ్గర అనుమతించే చిక్కదనం ఐదారు వందల రెట్లు ఎక్కువ. ఇంజన్ కోరుకునేది వేడిమీద ఉన్న ఆ పలుచటి ఆయిల్‌నే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంత సన్నటి ఆయిల్ అయినా దానికి చిక్కనే.

అందుకే 5డబ్ల్యూ-40 పోస్తే తిరుపతి ఎండకి నీళ్లైపోతుందన్న భయం అక్కర్లేదు. వెనక అంకె నలభైయే కదా, వేడిలో 15డబ్ల్యూ-40 ఉన్న కోవలోనే ఉంటుంది. ఇక్కడే మార్చుకుని బయల్దేరవచ్చు, నాగపూర్ వేడిలోనూ నడుస్తుంది, లేహ్ చలిలోనూ లేస్తుంది.

నాకీ బుద్ధి షెడ్డులో రాలేదు, పట్టాళంలో వచ్చింది. 80ల మొదట్లో సైన్యం బళ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా నన్ను లేహ్ వైపు పంపారు. చిత్తూరు దాటి ఎరగనివాణ్ణి, మార్గశిరంలో కొబ్బరినూనె గడ్డకడితే అదే చలి అనుకునేవాణ్ణి. అక్కడ శక్తిమాన్ లారీలు. సాయంత్రం బండి రాగానే వేడి మీదున్న ఆయిల్‌ని డబ్బాలోకి దించి, గదిని వెచ్చబరిచే బుఖారీ పొయ్యి పక్కన పెట్టుకుని పడుకునేవాళ్లం. తెల్లవారి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ కింద రేకు అడ్డం పెట్టి స్టవ్ వెలిగించి, వెచ్చబడ్డాక ఆయిల్ పోసేవాళ్లం. నూనెకి జోల పాడినట్టుండేది. ఒకరోజు నేను ఆలస్యంగా లేచాను. రాత్రి ఆయిల్ దించలేదన్న సంగతి ఎవరికీ చెప్పకుండా సెల్ఫ్ కొట్టాను. మూలిగి మూలిగి ఇంజన్ అందుకుంది. ఆ సంతోషంలో యాక్సిలరేటర్ తొక్కాను. ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా దగ్గరే ఉంది. నేను దాన్ని చూడలేదు, చప్పుడు విన్నాను. లోపల ఎవరో సుత్తితో తలుపు తడుతున్నట్టు. బేరింగులు పోయాయి. తప్పు నాదే. మా ఉస్తాదు తిట్టలేదు, ఆ ఇంజన్ని నా చేతే మొత్తం విప్పించాడు. ఆ చలిలో ఇనుప స్పానర్ పట్టుకున్న వేళ్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాయి.

అప్పటికి నాకు తెలియని విషయం ఇది. ఇంజన్ లేవడం వేరు, ఆయిల్ పైకి చేరడం వేరు. లేవని ఇంజన్ నిన్ను ఆఫీసుకి ఆలస్యం చేస్తుంది, అంతే. లేచి కూడా ఆయిల్ అందని ఇంజన్ అరనిమిషంలో ఖర్చైపోతుంది. 1980-81 చలికాలంలో అమెరికాలో, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ దగ్గర ఇదే జరిగింది. అప్పటి పరీక్షలన్నీ పాసైన ఆయిలే, నెమ్మదిగా చల్లారుతూ జున్నులా పేరుకుంది. ఇంజన్లు లేచాయి, పంపుకి ఆయిల్ అందక పాడయ్యాయి. ఆ తర్వాతే ఆయిల్‌ని మెల్లగా చల్లార్చి చూసే పరీక్ష తెచ్చారు. ఆయిల్ పంపుకి అందుతుందా అని చూసే ఈ పరీక్షని ప్రతి గ్రేడుకీ తిరిగే పరీక్ష కంటే ఐదు డిగ్రీలు కింద పెడతారు. ఇంజన్ తిరిగిందంటే ఆయిల్ కూడా అందాలి, అదీ అందులోని తెలివి.

ఇక నీ సంగతి. 15డబ్ల్యూ వద్దే వద్దు. 10డబ్ల్యూ లేహ్ ఊళ్లో చాలా రోజులు నెట్టుకొస్తుంది, కానీ ఒక చెడ్డ రాత్రికి దానికి చేతిలో ఏమీ మిగలదు. 5డబ్ల్యూ తీసుకో, ఫుల్లీ సింథటిక్‌ది. మామూలు మినరల్ ఆయిల్‌లో మైనం ఉంటుంది, చలికి పేరుకునేది అదే. నిన్ను లద్దాఖ్‌లోనే ఇంకా చలి ఎక్కువుండే ద్రాస్ వైపో, హాన్లే వైపో వేస్తే మాత్రం 0డబ్ల్యూ చూడు. వెనక అంకె ముప్పైయా నలభైయా అన్నది నేను చెప్పకూడదు, మెకానిక్ కూడా చెప్పకూడదు, బండితో వచ్చిన పుస్తకం చెప్పాలి. చలి ముందు అంకెని మార్చమంటుంది గానీ వెనక అంకె జోలికి పోదు.

గ్రేడు ఒక్కటే చూసి కొనొద్దు. నీది బీఎస్6 డీజిల్, పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆయిల్‌లోని బూడిద దాంట్లో పేరుకుంటే మళ్లీ పోదు. కాబట్టి డబ్బా వెనక, బూడిద తక్కువ ఆయిల్‌కి యూరప్ బండి కంపెనీల సంఘం పెట్టిన గుర్తు, ఏసీఈఏ సీ3 అనో, సీ2 అనో, నీ పుస్తకంలో ఏది రాసుంటే అచ్చం అదే ఉండాలి. విడి ఆయిల్ తీసుకోకు. సీలు తీయని డబ్బాలే కొను, ఒక లీటరు అదనంగా డిక్కీలో పెట్టుకో. దారిలో తగ్గితే ఢాబా పక్కన దొరికిందేదో పోయకు.

ఆయిల్ సరిగా పోసి మిగతావి వదిలేసినా లాభం లేదు. రేడియేటర్లో ఇక్కడ అందరూ కుళాయి నీళ్లు పోస్తూ ఉంటారు, నీ బండిలోనూ పోసే ఉంటారు. మొత్తం దించేసి కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయించు, మైనస్ 35 దాకా భయం ఉండదు. ఉత్త నీళ్లు గడ్డకడితే ఉబ్బి బ్లాకే పగులుతుంది. డీజిల్ కూడా చలికి పెరుగులా తోడుకుంటుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసమని మైనస్ 33 దాకా జారే వింటర్ డీజిల్ తెచ్చింది. చలికాలంలో అదే పోయించు, కింద నుంచి తెచ్చిన డీజిల్ ట్యాంకులో మిగలనివ్వకు. పాత డ్రైవర్లు ఎవరైనా కిరోసిన్ కలుపుకోమంటే తలూపి వచ్చెయ్. వాళ్ల కాలం పంపులకి అది నడిచింది, నీ బండి డీజిల్ పంపుకీ ఇంజెక్టర్లకీ అరగకుండా కాపాడే కందెన డీజిలే. బ్యాటరీ మూడేళ్లు దాటి ఉంటే ఇక్కడే మార్చు. హ్యాండ్‌బ్రేక్ రాత్రిపూట వేయకు, పట్టుకుపోతుంది. గేర్లో పెట్టి చక్రానికి రాయి వెయ్యి.

పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు తొందర వద్దు. తాళం తిప్పి హీటర్ బొమ్మ ఆరే దాకా ఆగు. క్లచ్ పూర్తిగా తొక్కు, గేర్‌బాక్సులో గట్టిబడ్డ ఆయిల్ భారం తగ్గుతుంది. పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకు, అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టు. లేవగానే కళ్లు ఆయిల్ దీపం మీద ఉండాలి. రెండు మూడు సెకన్లలో ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపెయ్. ఒక్కసారి కూడా రేజ్ చేయకు. అరనిమిషమో నిమిషమో చూసి మెల్లగా కదులు, బండి నడుస్తూనే వేడెక్కుతుంది. అరగంట నిలబెట్టి వేడి చేసే అలవాటు అక్కడ చాలామందికి ఉంటుంది. అలా చేస్తే కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మెస్సు నుంచి సైటుకి రెండు కిలోమీటర్లే తిరిగే బండైతే ఆయిల్ మూత కింద మీగడలాంటిది కడుతుంది, చెమ్మ అది. వారానికోసారి ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పుకురా, ఆయిల్ కూడా పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే మార్చు.

మీ అత్త కారప్పొడి, నిప్పట్లు చేసి పంపుతానంటోంది. నువ్వు మాత్రం ఈరోజే డ్యాష్‌బోర్డు అరలో ఉన్న బండి పుస్తకం తీసి, ఇంజన్ ఆయిల్ పేజీ ఫోటో కొట్టి నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆ పేజీలో చలికీ ఎండకీ గీతలు గీసిన పట్టీ ఒకటి ఉంటే, దాన్ని కూడా కలిపి తియ్యి. వచ్చే ఆదివారం ఖాళీగా ఉంటే బండి ఇంటికి తీసుకురా, పాతది దించి కొత్తది నేనే పోస్తాను. సీసాలు రెండూ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంచాను, నువ్వొచ్చి నీ చేత్తో తిప్పి చూసేదాకా తీయొద్దని మీ అత్తకి చెప్పాను.

మీ మామ