ముందు క్రియను చూడు, తర్వాత గడియారం చూడు

బిడ్డా,

ఆఫీసులో పని బాగానే చేస్తున్నావట, బయటి దేశం క్లయింట్లకు ఇంగ్లిషులో మెయిల్ రాయాలంటేనే టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గ్రామర్ పుస్తకం ముందేసుకొని వేళ చెప్పే ఎట్, ఆన్, ఇన్ పట్టికలు బట్టీ పడుతున్నావని కూడా అన్నది. పట్టికల్లో తప్పేం లేదు. గంటకు ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ ఏడాదికీ ఇన్. పొద్దున, సాయంత్రం అంటే ఇన్ ది, రాత్రికి మాత్రం ఎట్. ఇవన్నీ నీకు బడిలోనే వచ్చు. నువ్వు తడబడేది ఇక్కడ కాదు, క్రియ దగ్గర.

కాజీపేట రైల్వేలో నా నౌకరీ అంతా మెసేజ్‌లు రాయడంతోనే గడిచింది. ట్రాక్ పని ఉంటే లైన్ బ్లాక్ ఇస్తారు, అంటే అంతసేపు ఆ లైన్ మీదికి బండి రాదు. ఆ కాగితం మీద 'వర్క్ అంటిల్ ట్వెల్వ్' అని రాస్తే పన్నెండు దాకా పని నడుస్తూనే ఉంటుంది. 'ఫినిష్ బై ట్వెల్వ్' అంటే పన్నెండు కల్లా అయిపోవాలి, పదకొండుకే అయిపోయినా మంచిదే. గడియారంలో రెండూ పన్నెండే. తేడా ఉన్నది క్రియలో. వెయిట్, స్టే, వర్క్, కంటిన్యూ లాంటివి సాగే పనులు, వాటి వెనక అంటిల్ వస్తుంది. ఫినిష్, సెండ్, సబ్మిట్, రీచ్ లాంటివి ఒక్కసారితో తెగిపోయే పనులు. వాటికి గడువు చెప్పాలంటే బై కావాలి.

ఇక్కడ మన దిక్కు మాట మనల్ని కొంచెం మోసం చేస్తుంది. 'రేపటి వరకు ఇక్కడే ఉంటా' అంటాం, 'రేపటి వరకు పని అయిపోతది' అని కూడా అంటాం. వరకు ఒక్కటే, పనులు రెండు. అందుకే మెయిల్లో 'ఐ విల్ సెండ్ ది ఫైల్ అంటిల్ టుమారో' అని వచ్చేస్తుంది. చదివినవాడికి రేపటి దాకా అదే ఫైల్‌ను పంపుతూనే ఉంటావన్నట్టు తోస్తుంది. రాసే ముందు ఆ మాటను మనసులో 'కల్లా' పెట్టి ఒకసారి, 'దాకా' పెట్టి ఒకసారి అనుకో. కల్లా అతికితే బై, దాకా అతికితే అంటిల్.

ఒక చిక్కుంది. క్రియ ముందు నాట్ వచ్చిందంటే తెగిపోయే పనికి కూడా అంటిల్ పడుతుంది. 'ది రిపోర్ట్ వోంట్ బి రెడీ అంటిల్ థర్స్‌డే' అంటే గురువారానికి ముందు అందదు అని. అది చదివి 'గురువారం కూడా రాదన్నమాట' అనుకునేవాళ్లున్నారు, నువ్వు అనుకోకు.

రెండోది మన 'సంది'. 'పొద్దుగాల సంది', 'మూడేండ్ల సంది', ఎక్కడైనా అదే మాట సరిపోతుంది. ఇంగ్లిషు అట్ల ఒప్పుకోదు. మొదలైన చోటు చెప్తే సిన్స్, గడిచిన కాలం ఎంతో చెప్తే ఫర్. సిన్స్ 2022, ఫర్ త్రీ ఇయర్స్. అయితే అందరూ ఈ రెండు మాటల మీదే పడి కొట్టుకుంటారు గానీ అసలు తప్పు వాటికన్నా ముందే, క్రియలో జరిగిపోతుంది. 'ఐ యామ్ వర్కింగ్ హియర్' అని మొదలుపెట్టాక వెనక ఫర్ పెట్టినా వాక్యం కుంటుతుంది. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్' అనాలి. నిన్న మొదలై ఇవాళ్టికీ నడుస్తున్న పని అయితే హావ్ బీన్ నోటికి రావాలి. అది వచ్చిందంటే మిగతాది దానంతటదే కుదురుతుంది.

'క్లాసెస్ స్టార్ట్ ఫ్రమ్ మండే' అని హన్మకొండలో ప్రతి కోచింగ్ సెంటర్ బోర్డు మీదా కనిపిస్తుంది. స్టార్ట్ అనేది ఒక్క క్షణం పని, దానికి ఆన్ మండే చాలు. ఫ్రమ్ వాడితే ఆ క్రియ కొంతదూరం నడవాలి: 'ది ఆఫీస్ ఈజ్ ఓపెన్ ఫ్రమ్ టెన్ టు ఫైవ్'. బోర్డు మీద ఎట్లున్నా పిల్లలు వచ్చి చేరుతారు, దాన్ని పట్టించుకోనక్కర లేదు. మెయిల్లో మాత్రం సరిగా రాయి.

ఇన్ గురించి కొంచెం నిదానంగా విను. 'ఐ ఫినిష్డ్ ఇట్ ఇన్ టూ అవర్స్' అంటే పనికి రెండు గంటలు పట్టింది. 'ఐ విల్ కాల్ యూ ఇన్ టూ అవర్స్' అంటే ఇప్పటి నుంచి రెండు గంటలు గడిచాక ఫోన్ చేస్తానని. ఇన్ మారలేదు, టూ అవర్స్ మారలేదు, అర్థం మాత్రం క్రియ వెంట పోయింది. మనం రెండో చోట 'ఆఫ్టర్ టూ అవర్స్' అంటాం. అర్థమవుతుంది గానీ వాళ్లు ఇప్పటి నుంచి లెక్కపెట్టి చెప్పేటప్పుడు ఇన్ అనే అంటారు. రెండు గంటలు దాటనివ్వను అని మాట ఇవ్వాలంటే వితిన్ రాయి. క్లయింట్‌కు వితిన్ అని రాశావంటే అది ఒప్పందం కిందికి వస్తుంది, ఆలోచించి రాయి.

ఒకే సంగతిని నాలుగు క్రియలతో చెప్పి చూడు, బాగా పట్టుబడుతుంది. మేడారం జాతరనే తీసుకో. జాతర జరుగుతుంది అన్నప్పుడు 'టేక్స్ ప్లేస్ ఎవ్రీ టూ ఇయర్స్', అక్కడ ముందు ఏ ముక్కా అక్కర లేదు. మొదలైంది అంటే 'బిగాన్ ఆన్ 21 ఫిబ్రవరి 2024'. నడిచింది అంటే 'లాస్టెడ్ ఫర్ ఫోర్ డేస్' లేదా 'వెంట్ ఆన్ అంటిల్ సాటర్‌డే'. సమ్మక్క తల్లి గద్దెకు చేరేది గురువారం కాబట్టి, గురువారం కల్లా మేడారం చేరుకుందాం అనాలంటే 'లెట్ అస్ రీచ్ మేడారం బై థర్స్‌డే'. ఎవ్రీ లాగే లాస్ట్, నెక్స్ట్, దిస్ ముందు కూడా ఆన్, ఇన్ పెట్టొద్దు. 'ఆన్ నెక్స్ట్ మండే' మన దగ్గర బాగా వినిపిస్తుంది, నువ్వు అనకు.

వాక్యంలో వేళ ఎక్కడ కూర్చోవాలో కూడా చూసుకో. మనం 'నేను నిన్న ఫైల్ పంపిన' అంటాం కాబట్టి 'ఐ సెంట్ యెస్టర్‌డే ది ఫైల్' అని చేతికి వచ్చేస్తుంది. క్రియకూ దాని ఫైల్‌కూ మధ్య వేళను దూర్చొద్దు. ఫైల్ అయ్యాకే యెస్టర్‌డే. ఇంకొకటి, మనం పెద్దది ముందు, చిన్నది వెనక చెప్తాం: సోమవారం, పొద్దున, ఆరింటికి. వాళ్లది తలకిందులు: 'ఎట్ సిక్స్ ఆన్ మండే మార్నింగ్'.

ఇక మీటింగు వేళను మార్చే మాటలు. ప్రీపోన్, అంటే అనుకున్న వేళ కన్నా ముందే పెట్టుకోవడం, మన దేశంలో అందరికీ తెలుసు, బయటివాళ్లలో అందరికీ తెలియదు. దాని బదులు 'బ్రింగ్ ఫార్వర్డ్ టు' వాడొచ్చు. ఇక్కడ బై గడువు చెప్పదు, ఎంత జరిగిందో చెప్తుంది, టు పెడితే ఎక్కడికి జరిగిందో చెప్తుంది. 'డిలేడ్ బై ఫార్టీ మినిట్స్', 'పోస్ట్‌పోన్డ్ టు ఫ్రైడే'. బుధవారం మీటింగు 'మూవ్డ్ ఫార్వర్డ్ బై టూ డేస్' అని మాత్రం రాయకు. ఇంగ్లిషు పుట్టుకతో వచ్చినవాళ్లలోనే కొందరు సోమవారం అనుకుంటారు, కొందరు శుక్రవారం అనుకుంటారు. 'ఫ్రమ్ వెడ్నెస్‌డే టు మండే' అని రోజు పేరే రాసెయ్.

సెలవు మెయిల్లోనూ ఇదే గొడవ. 'ఆన్ లీవ్ అంటిల్ ది ఎయిత్' అంటే ఎనిమిదిన వస్తావా, తొమ్మిదినా? చదివేవాడు తన ఇష్టం వచ్చినట్టు అనుకుంటాడు. 'ఐ విల్ బి ఆన్ లీవ్ ఫ్రమ్ ది ఫిఫ్త్ టు ది ఎయిత్ అండ్ విల్ బి బ్యాక్ ఆన్ ది నైన్త్' అని తిరిగొచ్చే రోజు కూడా కలిపి రాయి. అమెరికావాళ్లు 'మండే త్రూ ఫ్రైడే' అంటే శుక్రవారం కూడా అందులోదే, ఆ రోజు లాగవుట్ చేసి కూర్చోకు.

ఈ వారం నువ్వు పంపిన మెయిళ్లలో రెండు మూడు నాకు పంపు. క్లయింట్ల పేర్లు కొట్టేసి పంపు, ఆఫీసు సంగతులు నాకెందుకు. క్రియల కింద గీత గీసి, వాటి వెనక ఏం పెట్టావో చూసి చెప్తా. ఆదివారం కల్లా పంపితే మంచిది, సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి పోయేది ఉంది.

మీ పెద్దబాపు
హన్మకొండ