మీ ప్రశ్న – మా జవాబు: ప్రదర్శనకు భర్మార్ (నాటు తుపాకీ) నకలు

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో తెలంగాణ సాయుధ పోరాటంపై ప్రదర్శన పెడుతున్నాం. ఆనాటి తుపాకీ ఒకటి అందులో ఉంచాలని మా కోరిక. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను అచ్చంగా పోలిన కొత్త తుపాకీ అమెరికాలో లైసెన్సు లేకుండానే దొరుకుతుందని, తాను పంపిస్తానని అక్కడి మా బంధువు అంటున్నారు. తెప్పించుకోవచ్చా, లేక ఇక్కడే కమ్మరి చేత చేయించుకోవడం మేలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తెప్పించవద్దు. మూతి నుంచి మందు దట్టించి పేల్చే పాత తరహా తుపాకుల నకళ్లను అమెరికా కేంద్ర చట్టం మామూలు తుపాకుల లెక్కలో చేర్చదు కనుక, మీ బంధువు మాట అక్కడికి చాలావరకు నిజమే. మన ఆయుధ చట్టం (1959) ప్రకారం మాత్రం అది తుపాకీయే. దగ్గర ఉంచుకోవడానికీ, తయారు చేయడానికీ, విదేశాల నుంచి తెప్పించడానికీ లైసెన్సు ఉండాలి. పేలే తుపాకీని కమ్మరి చేత చేయిస్తే ఆయన కూడా మీతో పాటు కేసులో ఇరుక్కుంటారు.

చట్టం సంగతి అలా ఉంచినా, ఎన్‌ఫీల్డ్ మీ ప్రదర్శనకు తగదు. గొట్టం లోపల మెలిదిరిగిన మూడు గాడులు, 39 అంగుళాల గొట్టం, దాన్ని చెక్కకు బిగించే మూడు ఇనుప పట్టీలు గల బ్రిటిష్ సైనిక ఆయుధం అది. 1946–51 పోరాటంలో మన పల్లెల దళాలు పట్టిన భర్మార్ అయితే, మూతి నుంచి మందు దట్టించే, గొట్టం లోపల నున్నగా ఉండే నాటు తుపాకీ; చేసిన చేతిని బట్టి దాని కొలతలు మారేవి. నల్లగొండ గడ్డ మీద పెట్టే ప్రదర్శనలో చూపవలసింది దాన్నే.

కనుక కమ్మరి చేత పేలని భర్మార్ నకలు చేయించండి. గొట్టానికి బదులు బోలు లేని ఇనుప కడ్డీని వాడించండి. మందుకు నిప్పు అందించే రంధ్రం వేయించకండి. గుర్రాన్ని (మీట నొక్కితే సుత్తిలా పడే భాగాన్ని) కదలకుండా వెల్డింగ్ చేయించండి. అయితే గుర్రం ముక్కును మాత్రం శ్రద్ధగా చేయించాలి: నిప్పురవ్వనిచ్చే చిన్న రాగి టోపీపై మూతలా కూర్చునేందుకు అది లోపలికి గుంటగా ఉంటుంది. గొట్టం కింది దట్టించే కడ్డీ బయటికి వచ్చేలా ఉండాలి, ఎందుకంటే ఒక్కసారి పేల్చాక మళ్లీ మందు, గుడ్డపీలిక, గుండ్లు వేసి దట్టించేదాకా ఆ మనిషి శత్రువు ఎదుట నిరాయుధుడేనని చూపేది ఆ కడ్డీయే. టేకు చెక్కకు మెరిసే వార్నిష్ వద్దు, అవిసె నూనె పట్టిస్తే చాలు.

పని మొదలుపెట్టే ముందే స్థానిక పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేసి, వారి అంగీకారం కూడా రాతలోనే తీసుకోండి.