ఇంజినీరింగ్ చదివి మళ్లీ పార్టులు అమ్మడమా?

ప్రశ్న: మాది దేవరకొండ. ఇరవై ఆరేళ్లుగా రేడియో, టీవీ రిపేరు దుకాణం నడుపుతున్నాను. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ ఈసీఈలో చేరాడు. ఈ ఏడాదితో చదువు అయిపోతుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు సప్లై చేసే డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో 'ఇన్‌సైడ్ సేల్స్' (ఆఫీసులో కూర్చుని చేసే అమ్మకాల పని) అని కొలువు వచ్చింది. చేతికి 19 వేలు ఇస్తారట. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు అమీర్‌పేట పోతున్నారు. వీడు మాత్రం ఇదే చేస్తానంటున్నాడు. "మీరు పార్టులు అమ్మింది చాలదా, వాడు కూడా అదే చెయ్యాలా" అని వాళ్లమ్మ ఒకటే బాధ. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నా, నా మాట ముందే చెప్పేస్తాను. ఆ కంపెనీ విడిభాగాలు తయారుచేసే కంపెనీల నుంచి నేరుగా సరుకు తెచ్చే ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ అయితే అబ్బాయిని పంపండి. ఎక్కడో మిగిలిన సరుకు తెచ్చి అటూ ఇటూ తిప్పే వ్యాపారమైతే మాత్రం, 19 కాదు 40 వేలు ఇస్తామన్నా వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దీనికి నాకో అనుభవం ఉంది.

2003లో నల్లగొండలో డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు మా ప్రాజెక్టుకు 89సీ51 మైక్రోకంట్రోలర్ (మనం రాసిన ప్రోగ్రాంతో నడిచే చిప్పు) కావాల్సి వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగి, నడుచుకుంటూ కోఠి పోయి రెండు చిప్పులు తెచ్చాను. ఒక్కటీ పనిచెయ్యలేదు. ప్రోగ్రాం తప్పేమోనని నాలుగు రాత్రులు కూర్చున్నాం. చివరికి మా ల్యాబ్ సారు గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి చిప్పు నెత్తిన రుద్దారు. దూది నల్లబడింది. మీదున్న అక్షరాలు చెరిగిపోయి, కింద ఇసుక కాగితంతో గీసిన గీతలు బయటపడ్డాయి. ఎవరో పాత చిప్పును అరగదీసి, నల్లరంగు పూసి, కొత్త నంబర్ అచ్చేశారు. దుకాణదారుడికి తెలిసి ఇచ్చాడో తెలియక ఇచ్చాడో, అతను మాత్రం ఎక్కడి నుంచో వచ్చిన సరుకే అమ్మాడు. మీకు కూడా ఇలాంటి ఎల్‌ఓటీలో (పాత టీవీల్లో హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు), ఐసీలో (చిప్పులు) తగిలే ఉంటాయి. నాలుగు రోజులకే బోర్డు మళ్లీ పోతే, గిరాకీ వచ్చి మాట అనేది మిమ్మల్నే కదా.

డిస్ట్రిబ్యూటర్ అమ్మేది అసలు ఈ నమ్మకాన్నే. ఆ చిప్పు ఏ ఫ్యాక్టరీలో తయారైంది, ఏ లాట్‌లోది (ఏ విడతలో తయారైంది), ఎన్ని చేతులు మారి వచ్చింది అన్నది కాగితం మీద చూపించగలగాలి. ఆసుపత్రి మానిటర్లు, రాడార్ బోర్డులు చేసేవాళ్లు ధర రెండు రూపాయలు ఎక్కువైనా ఆ కాగితం ఉన్నచోటే కొంటారు.

ఇక "పార్టులు అమ్ముకునే పని" అన్న మాట. వదినకు ఈ కథ వినిపించండి. న్యూయార్క్‌లో కోర్ట్‌లాండ్ స్ట్రీట్ చుట్టూ ఒకప్పుడు 'రేడియో రో' అని ఒక బజారు ఉండేది. కోఠిలోని మన గుజరాతీ గల్లీ లాంటిదే: ఇరుకు దుకాణాలు, బుట్టల నిండా వాల్వులు, కండెన్సర్లు, వైర్లు. 1921లో చార్ల్స్ ఆవ్‌నెట్ అనే ఆయన అక్కడ మిగులు రేడియో విడిభాగాలు కొని అమ్మడం మొదలుపెట్టాడు. 1935లో అదే బజారులో యారో రేడియో అని ఇంకో దుకాణం వెలిసింది. 1960ల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టడానికి బజారు మొత్తం కూల్చేశారు. కానీ ఆ రెండు దుకాణాలు పెరిగి ఈరోజు ఆవ్‌నెట్, యారో ఎలక్ట్రానిక్స్ అయ్యాయి. ఒక్కొక్కటి ఏటా 2,000 కోట్ల డాలర్లకు పైగా అమ్మకాలు చేస్తోంది.

ఎలా పెరిగాయంటే, తయారీ కంపెనీకి చిన్న గిరాకీతో పని పెట్టుకునే తీరిక ఉండదు. సర్ఫేస్ మౌంట్ కండెన్సర్లను (బోర్డు పైనే అతికించే చిన్న ముక్కలు) పట్టీలో పెట్టి చుట్టిన రీల్ ఒకటి తీసుకుంటే అందులో 4,000 ముక్కలు ఉంటాయి. చర్లపల్లిలో చిన్న యూనిట్ నడిపే ఆయనకు కావాల్సింది 200. రీళ్లకు రీళ్లు కొని, నిల్వ పెట్టి, 200 కోసి ఇచ్చేవాడు మధ్యలో ఒకడుండాలి. తయారీదారుకు గడువులోపు డబ్బు కట్టి, కొనేవాడికి రెండు నెలల ఉద్దెర ఇచ్చేది కూడా వాడే. రేడియో వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది, ట్రాన్సిస్టర్ పోయి ఐసీ వచ్చింది. సరుకు మారినప్పుడల్లా ఎన్నో దుకాణాలు పాత నిల్వ కింద పడి మునిగిపోయాయి. కొత్త సరుకు ముందే నేర్చుకున్నవి నిలబడ్డాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది డిజీ-కీ కథ. రోనాల్డ్ స్టోర్డాల్ అనే ఇంజినీరింగ్ విద్యార్థికి హామ్ రేడియో (సరదాకి సొంత రేడియో సెట్టుతో దూరంవాళ్లతో మాట్లాడటం) పిచ్చి. మోర్స్ కోడ్ పంపడానికి ఒక డిజిటల్ కీయర్ కిట్ తయారుచేసి తోటి హామ్‌లకు అమ్మాడు. కంపెనీ పేరు ఆ కిట్ నుంచే వచ్చింది. కొన్నాళ్లకు కిట్‌కు గిరాకీ తగ్గి, దానికోసం కొన్న విడిభాగాలు మిగిలిపోయాయి. మీకూ నాకూ అయితే అది నష్టం అనిపిస్తుంది. ఆయన వాటిని విడివిడిగా అమ్మకానికి పెట్టి చూశాడు. అవి కిట్ల కంటే బాగా పోయాయి! 1972లో మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్ అనే ఊళ్లో కంపెనీ పెట్టాడు. అక్కడి జనాభా తొమ్మిది వేల లోపు, అంటే మన దేవరకొండ కంటే చిన్న ఊరు. పెద్ద నగరమైన మిన్నియాపాలిస్‌కు పోవాలంటే దాదాపు 480 కిలోమీటర్లు. చలికాలంలో ఊరంతా మంచు.

అంత మూల ఉన్న ఊరి నుంచి ఎలా నెగ్గుకొచ్చారంటే, ఒక్క ముక్క అడిగినా కాదనకుండా పంపారు. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు పెద్ద ఫ్యాక్టరీల వెంట పడుతున్నప్పుడు వీళ్లు విద్యార్థికి, రిపేరు చేసేవాడికి, ల్యాబ్‌లో మొదటి బోర్డు చేసుకునే ఇంజినీరుకు అమ్మారు. కేటలాగ్ అచ్చేసి పంచారు. 1990ల్లో ఇంటర్నెట్ రాగానే కేటలాగ్‌ను అందులో పెట్టారు. ఆ రోజు మొదటి బోర్డుకు ఐదు ముక్కలు కొన్న ఇంజినీరే, రేపు ఆ బోర్డు మార్కెట్లోకి వెళ్లాక ఐదు వేలు కొంటాడు. ఇప్పుడు వాళ్ల జాబితాలో కోటికి పైగా రకాల విడిభాగాలున్నాయి, కంపెనీ ఇంకా అదే ఊళ్లో ఉంది. 2022లో అక్కడే 22 లక్షల చదరపు అడుగుల కొత్త గోదాం తెరిచారు.

మౌజర్ కంపెనీ కథ కూడా దాదాపు ఇంతే. కాలిఫోర్నియాలో జెర్రీ మౌజర్ అనే హైస్కూలు ఫిజిక్స్ టీచరుకు తన పిల్లల ఎలక్ట్రానిక్స్ క్లాసుకు విడిభాగాలు దొరకలేదు. 1964లో తానే తెప్పించి ఇవ్వడం మొదలుపెట్టాడు. మన దక్షిణాదిలో అయితే 1993లో చెన్నైలో మొదలైన రెడింగ్టన్ ఉంది. కానీ వాళ్లది ముఖ్యంగా కంప్యూటర్లు, ఫోన్లు లాంటి తయారైన సరుకు. మీ అబ్బాయికి వచ్చింది విడిభాగాల కొలువు. రెండింటినీ ఒకటే అనుకోకండి. తయారైన సరుకు అమ్మడానికి వ్యాపారం తెలిస్తే చాలు, విడిభాగాలకు ఎలక్ట్రానిక్స్ కూడా తెలియాలి. ఈసీఈ చదివినవాణ్ని తీసుకుంటున్నది అందుకే.

రోజూ వాడు చేసే పని ఏమిటో కూడా చెబుతాను. పొద్దున ఒక కస్టమర్ నుంచి బీవోఎం వస్తుంది, అంటే ఒక బోర్డుకు కావాల్సిన విడిభాగాల పట్టిక. 80 వరుసలు ఉన్నాయనుకోండి, 77 నిల్వలో ఉంటాయి. మిగతా మూడింటిలో ఒకటి తయారీ ఆపేశారు, రెండు రావడానికి ఇరవై వారాలు పడుతుంది. అప్పుడు డేటాషీట్ (ఆ ముక్క వివరాలన్నీ ఉండే పత్రం) తెరిచి, అదే వోల్టేజీ, అదే పిన్ అమరిక, అదే ఉష్ణోగ్రతకు తట్టుకునే ఇంకో కంపెనీ ముక్క వెతికి, "సార్, ఇది పెట్టుకోవచ్చు, కానీ ఈ ఒక్క తేడా చూసుకోండి" అని చెప్పాలి. మీరు బల్ల ముందు కూర్చుని, అడిగిన ట్రాన్సిస్టర్ లేకపోతే దానికి సరిపోయే ఇంకోటి తీసి పెట్టడం లేదా? అదే విద్య. వాడు పుట్టినప్పటి నుంచి అది చూస్తూ పెరిగాడు. మొన్నటి చిప్పుల కరువులో, 2021 ప్రాంతంలో, కార్ల ఫ్యాక్టరీలు సైతం ఒక్కో చిన్న చిప్పు కోసం ఆగిపోయాయి. ఆ రోజుల్లో ప్రత్యామ్నాయం వెతికి చెప్పగలిగినవాళ్ల ఫోన్లు తీరిక లేకుండా మోగాయి.

దీంతోపాటు దిగుమతి కాగితాలు, పన్ను లెక్కకు సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు (డయోడ్, ట్రాన్సిస్టర్‌కు 8541, ఐసీకి 8542), తేమ తగలకూడని చిప్పులను ప్యాక్ చేసే తీరు, స్థిర విద్యుత్తు తగలకుండా సరుకు పట్టుకునే పద్ధతి అన్నీ చేతికి వస్తాయి. రెండు మూడేళ్లు నిలకడగా చేస్తే ఫీల్డ్ అప్లికేషన్ ఇంజినీరుగా (కస్టమర్ల డిజైన్‌కు సాయం చేసే ఇంజినీరు) ముందుకు పోవచ్చు, లేదా బోర్డులు తయారుచేసే కంపెనీల్లో కొనుగోలు విభాగంలోకి మారవచ్చు. మన వైపే చూడండి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ప్లాంటుకు, పాలమూరు దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల ప్లాంటుకు 2023లోనే శంకుస్థాపన జరిగింది. ఇలాంటి తయారీ ఎక్కడ ఉంటే అక్కడ సరుకు సమయానికి తెప్పించగలిగిన మనిషి కావాలి.

ఇందులో కష్టం లేదని మాత్రం చెప్పను. మొదటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్న స్నేహితుల జీతం ముందు ఇది చిన్నగా కనిపిస్తుంది. నెలాఖరుకు టార్గెట్ టెన్షన్ ఉంటుంది. అమ్మిన సరుకుకు డబ్బు వసూలు కాకపోతే ఫోన్ చేసి అడగాల్సింది కూడా తనే. మీ ఉద్దెర పుస్తకం చూస్తూ పెరిగిన పిల్లాడికి అది కొత్త కాదు. కానీ పదిమందితో మాట్లాడటం అంటేనే ముడుచుకుపోయే స్వభావమైతే ఆ పనిలో రోజూ నలుగుతాడు. అలాంటప్పుడు టెస్టింగ్, డిజైన్ వైపు ప్రయత్నించడమే మంచిది. వాడి స్వభావం మీకే బాగా తెలుసు.

చేరే ముందు ఒక్కరోజు మీరిద్దరూ కలిసి ఆ ఆఫీసుకు వెళ్లిరండి. ఏయే బ్రాండ్లకు ఆథరైజ్డ్ అని అడగండి. వాళ్ల మాటతో ఆగకుండా, ఆ తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో డిస్ట్రిబ్యూటర్ల పేజీ తెరిచి వీళ్ల పేరు ఉందో లేదో చూసుకోండి. ఇది తప్పనిసరి. గోదాం చూపించమనండి. సరుకు మూసిన సంచుల్లో, లేబుళ్లతో, వరుసగా ఉందా, డబ్బాల్లో కలగాపులగంగా ఉందా అన్నది మీకు ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఆ విషయంలో నాకంటే మీరే గురువులు. పీఎఫ్ కడతారా, ట్రైనింగ్ ఎన్ని రోజులు, మొదటి ఆరు నెలలు టార్గెట్ ఉంటుందా అని అడిగి, ఆఫర్ లెటర్‌లో ఉందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే ఇవ్వకండి. రెండేళ్ల బాండు మీద సంతకం అంటే లేచి వచ్చేయండి.

బీటెక్ ఆఖరి పరీక్షలు పూర్తిగా అయ్యాకే చేరమనండి. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా, నాలుగేళ్ల తర్వాత ఎదిగే సమయంలో అదే అడ్డం పడుతుంది.

ఈలోగా వాడికి ఒక పని పెట్టండి. మీ దుకాణంలో పనికిరాకుండా పడి ఉన్న ఇన్వర్టర్ బోర్డు ఒకటి తీసి చేతికివ్వండి. దాని మీదున్న ప్రతి ముక్కకూ నంబర్, తయారు చేసిన కంపెనీ, ఈరోజు ధర, ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే దాని బదులు ఏది పెట్టొచ్చు అని ఒక పట్టిక రాయమనండి. వారం గడువు ఇవ్వండి. పక్కన కూర్చుని చెప్పకండి, అడిగితేనే చెప్పండి. మూడో రోజుకే విసుగొచ్చి పక్కన పడేస్తే అమీర్‌పేట సంగతి ఆలోచిద్దాం. రాత్రి పదకొండింటికి కూడా "నాన్నా, ఈ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌కు బదులు ఇది సరిపోతుందా" అని మిమ్మల్ని నిద్రలేపితే, ఆ పట్టిక వదినకు చూపించండి. నాకు కూడా ఒక ఫోటో తీసి పంపండి, చూసి ఎక్కడెక్కడ సరిదిద్దుకోవాలో రాస్తాను.